మసాక్ మాట చెప్పేదాకా

ఉక్పిక్ కొమ్ము
ఆగస్టు 20, 1996

అమ్మకు, నీ పెద్దకొడుకు సువ్లు రాసేది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా కుడిచెవి తప్ప. అది పోయినేడాదే చచ్చిపోయింది. పాస్టరుగారు దానికి ప్రార్థన చెయ్యనన్నాడు. అందుకే ఫోను జోలికి పోను. ఊరికంతటికీ దుకాణంలో ఉన్నది ఒక్కటే ఫోను. నేను "ఆఁ? ఏమిటీ?" అని అరుస్తుంటే సూపు డబ్బాల వెనక నిలబడి ఊరంతా వింటుంది. ఉత్తరమైతే నువ్వొక్కదానివే వింటావు.

డెబ్బై దాటిన ముసలాడు ముప్ఫయ్యేళ్లయినా లేని నిన్ను అమ్మా అని పిలుస్తాడేమిటని, మీ ప్రయోగశాలలో ఎముకలు కడిగే పిల్ల నవ్విందని రాశావు. ఆ పిల్లకి చెప్పు. మా అమ్మ మసాక్ పోయిన మరుసటి వసంతంలో నా చెల్లెలి కడుపున నువ్వు పుట్టావు. అమ్మ పేరు నీకు పెట్టాం. పేరు పెట్టామంటే మనిషి తిరిగొచ్చినట్టే కదా, ఇందులో నవ్వడానికేముంది? స్కూల్లో డెలియా అని రాసుకుంటే రాసుకోనీ. నీకు నాలుగేళ్లప్పుడు నేను సీళ్ల వేటకి బయల్దేరుతుంటే పిలిచి, నా టోపీ చెవుల మీదికి లాగి, "చలికి చస్తావురా" అన్నావు. అమ్మ కూడా అచ్చం అలాగే లాగేది, చెవులు ఊడొచ్చేట్టు. ఆ రోజు సముద్రం దాకా ఏడుస్తూనే నడిచాను. తర్వాత మీ అమ్మ నిన్ను పట్నం తీసుకెళ్లిపోయింది. అది వేరే కథ.

ఇక దిబ్బ సంగతి. జూలైలో మీరంతా జల్లెళ్లు పట్టుకొచ్చి సముద్రంలోకి పొడుచుకొచ్చిన మన కొమ్ము చివర పాత మట్టిగడ్డల ఇంటిని తవ్వారు. లోపలికి పాక్కుంటూ వెళ్లే దారిలో ముందు పక్షితోలు కోటు కనిపించింది. తర్వాత చెయ్యి. అప్పుడు నువ్వు "ఆపండి" అన్నావు. గడ్డలన్నీ మళ్లీ కప్పించి, పెద్దలు తేల్చాకే ముట్టుకుంటానన్నావు. నువ్వు ఆపిన తీరు ఊరికి నచ్చింది. ఇంతకుముందు తవ్వడానికొచ్చిన వాళ్లెవరూ అలా ఆపలేదు.

మొన్న హాల్లో కూర్చున్నాం. పడవ పెద్ద హర్మన్ లేచి, "మన పిల్లే కదా, తీసుకెళ్లనిద్దాం. ఏం తిన్నారో ఎలా బతికారో తెలుస్తుంది" అన్నాడు.

అక్పిక్ ముసలమ్మ ఊరుకుంటుందా? "నిన్ను కోసి చూడమను హర్మన్. టీ, బిస్కెట్లు తప్ప ఏమీ దొరకవు" అంది. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక తనే మళ్లీ, "ఆ ఇల్లు ఎవరిది? మొదటి మసాక్‌ది కాదూ? మంచు ఒడ్డెక్కి ఇంటిని నలిపేసినప్పుడు మొగుణ్ణీ పిల్లల్నీ బయటికి నెట్టి తను లోపల ఉండిపోయింది. ఆ పిల్లల పిల్లలమే మనం. మసాక్ ఒంటి గురించి చెప్పడానికి మనమెవరం? మసాక్‌నే అడగండి" అంది. ఎవరూ కాదనలేదు.

కాబట్టి అమ్మా, ఆవిణ్ణి పట్నం తీసుకెళ్లినా, గుట్ట మీద పాతినా, అక్కడే వదిలేసినా నీ ఇష్టం. నువ్వెలా అంటే అలా. తొందరేం లేదు.

సముద్రం ఈ ఏడు కొంచెం ఆకలిగా ఉంది. ఎక్కువ రాయను. దాని గురించి గట్టిగా మాట్లాడితే పేరుపెట్టి పిలిచినట్టేనని నువ్వే నేర్పావు.

నీ కొడుకు
సువ్లు

*

ఫెయిర్‌బ్యాంక్స్
సెప్టెంబరు 2

గౌరవనీయులైన సువ్లు మావయ్యకు,

మీ ఉత్తరం అందింది. ఎముకలు కడిగే పిల్లకి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. టోపీ సంగతి నాకు గుర్తులేదు మావయ్యా. గుర్తుంటే బాగుండేది.

జూలైలో తెచ్చిన వాటి గురించి చెబుతాను. ఆ ఇంటి కప్పుకి వాడింది సముద్రం కొట్టుకొచ్చిన దుంగలు. వాటిలో చెట్టు వయసు చెప్పే గీతలు చివరికొచ్చేసరికి వెంట్రుకల్లా సన్నబడిపోయాయి. అంటే వరసగా వేసవి లేని ఏళ్లు. చెత్తకుప్పలో కింది పొరల్లో తిమింగలం, వాల్రస్ ఎముకలున్నాయి. పైకొచ్చేకొద్దీ సీళ్లు, తర్వాత నక్కలు. అన్నిటికంటే పైన కుక్కల ఎముకలు, కత్తి గాట్లతో. బండి లాగే కుక్కల్ని తిన్నారంటే ఇంకేం మిగల్లేదన్నమాట. ఇదంతా ఎనిమిది వందల ఏళ్ల కిందటిది. అంత కరువులో కొందరైనా ఎలా బతికి బయటపడ్డారో, మనందాకా ఎలా వచ్చారో తెలుసుకోవాలని నా కోరిక. ఆవిడ జుట్టు దొరికితే, చివరి ఏడాది నెలనెలా ఏం తిన్నదో చెప్పగలం. ఒక్క వెంట్రుక చాలు.

కానీ నా కంటే ముందొచ్చిన చదువుకున్నవాళ్లు మన గుట్టల మీంచి మనవాళ్ల ఎముకల్ని అడక్కుండా పెట్టెలకెత్తుకుపోయారు. ఆ పెట్టెలు కొన్ని ఇంకా అరల్లో ఉన్నాయి. వాటి పక్కనుంచి నడిచినప్పుడల్లా తలొంచుకుంటాను. పెద్దల నోటి మాట లేకుండా నేను గడ్డపార ఎత్తను. నిర్ణయం నాకే వదిలేశామన్నారు. అది మీ మర్యాద, మీ ప్రేమ. నేను చిన్నదాన్ని, పట్నంలో పెరిగినదాన్ని. ఇది నేను చెప్పే మాట కాదు. పెద్దలు తేల్చి చెప్పండి, ఆగుతాను. మళ్లీ అడగను కూడా. అడిగిందే అడగడం మనలో మర్యాద కాదని అమ్మ చెప్పేది.

సముద్రం ఆకలి గురించి చదివి నవ్వుకున్నాను.

మీ మేనకోడలు
డెలియా

*

ఉక్పిక్ కొమ్ము
సెప్టెంబరు 15

అమ్మకు, సువ్లు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుక్కల దగ్గర ఆగిపోయాను. మా తాత, కుక్కకి మొదటి ముద్ద పెట్టకుండా తినేవాడు కాదు. ఎందుకని అడిగితే "బాకీ" అనేవాడు. ఏం బాకీనో చెప్పలేదు. ఆయనకీ తెలియదేమో. ఇప్పుడు నువ్వు చెప్పావు.

ఇక్కడ పెద్ద వార్త ఎలుగుబంటి. తెల్లదే, కాకపోతే పసుపు తిరిగిన ముసలిది, పళ్లు పోయినది, నాకు అన్నలాంటిది. మంచు ఇంకా రాలేదు కాబట్టి వేటకి దారిలేక ఊళ్లోకొచ్చింది. నా ఇంటి వెనక సీలు నూనె పీపాలో తల పెట్టింది. తల ఇరుక్కుంది. పీపాతో సహా లేచి నిలబడి, చర్చి చుట్టూ తిరిగి, హర్మన్ పడవ మీద కూర్చుంది. హర్మన్ తుపాకీ తెచ్చాడు గానీ పేల్చలేకపోయాడు. "ముఖం చూపించని వాణ్ణి ఎలా కాల్చను?" అన్నాడు. అక్పిక్ కిటికీలోంచి, "పీపా తీసెయ్ హర్మన్, మీ మావగారేమో" అని అరిచింది. చివరికి అదే పీపా వదిలించుకుని, మమ్మల్ని అసహ్యంగా చూసి, కొమ్ము వైపు వెళ్లిపోయింది. నూనెంతా పోయింది. నవ్వినంతా నవ్వాం, తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. మంచు ఉంటే అది వచ్చేది కాదు కదా. మంచు ఒడ్డుని పట్టుకుని ఉంటే అలలు కూడా వచ్చేవి కావు.

దిబ్బ దగ్గరికి రోజూ వెళ్తున్నాను. అంచు వెంబడి నేల కొంచెం నోరు తెరిచింది. నా అరచెయ్యి దూరుతుంది.

నా మంచుకొట్టు ఖాళీ చేస్తున్నాను. కరగని నేలలో మా నాన్న తవ్విన కొట్టు. మాంసమంతా హర్మన్ కొట్లోకి మార్చి, గోడలు గీకి, కొత్త మంచు పడగానే పరుస్తాను, వసంతంలో తిమింగలం కోసం చేసినట్టు. ఎందుకని అడగకు. ఎవరైనా చుట్టమొస్తే ఉండడానికి చోటుండాలి.

నువ్వు సరిగ్గా తింటున్నావా? పట్నం మాంసానికి కొవ్వుండదు. మక్తక్ పంపుతున్నాను, కొవ్వుతో సహా కోసిన తిమింగలం తోలు, విమానం నడిపేవాడు దార్లో తినేయకపోతే.

మిగతాదంతా నీ మాట కోసం చూస్తోంది. నేను తొందరపెట్టను. అమ్మని తొందరపెట్టే కొడుకులు మా ఇంట్లో లేరు.

సువ్లు

*

ఫెయిర్‌బ్యాంక్స్
సెప్టెంబరు 26

మావయ్యకు,

మక్తక్ అందింది. ఎలుగుబంటి కథ ప్రయోగశాలలో అందరికీ చెప్పాను, కడుపుబ్బ నవ్వారు.

అందరూ వెళ్లాక ఒక్కదాన్నే కూర్చుని మళ్లీ చదివాను. పేజీ నిండా ఎలుగుబంటి, ఆవిడ గురించి ఒకటో రెండో వాక్యాలు. నాకు అర్థమైంది మావయ్యా. పట్నంలో పెరిగినా ఇంత మాత్రం తెలుసు. మన పెద్దలు "వద్దు" అని మొహం మీద అనరు. వేరే కథ చెబుతారు, వింటున్నవాళ్లు తెలుసుకోవాలి.

నేను బాధపడటం లేదని రాస్తే అబద్ధం. ఈ పని కోసం చదివాను. ఆ మనుషులు ఎలా బతికారో చెప్పగల చోటు ఈ తీరం మొత్తానికి అదొక్కటే మిగిలింది. మిగతావన్నీ నీళ్లలో కలిశాయి. అయినా మీ మాటే మాట. ఆవిడ కోసం అట్టేపెట్టిన మంచుగదిని నెలాఖరుకి ఇంకో బృందానికి ఇచ్చేస్తున్నాను. గనిలో దొరికిన పాతకాలపు అడవిదున్న ఒకటి వాళ్ల దగ్గరుంది. మనిషి కోసం ఉంచిన గదిలో దున్న పడుకుంటుంది. ఆవిడ మీ దగ్గరే, తన ఇంట్లోనే ఉంటుంది. బహుశా అదే న్యాయం.

పెద్దల్ని ఇబ్బంది పెట్టి ఉంటే క్షమించమని చెప్పండి. అక్పిక్ అవ్వకి మరీ మరీ.

మీరు మంచుకొట్టు ఖాళీ చేయడం ఎందుకో అర్థం కాలేదు. చలికాలానికి మాంసం చూసుకోండి.

డెలియా

*

ఉక్పిక్ కొమ్ము
అక్టోబరు 5

డెలియా,

ఈ ఉత్తరం నీ కొడుకు రాయడం లేదు. నీ మేనమామ రాస్తున్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా రాయలేదు, ఇకముందు రాయను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. హాల్లో చదివి వినిపించాను. మేం వద్దన్నామని నీకెవరు చెప్పారు? వద్దనాలంటే ఎలుగుబంటి ఎందుకు, నేరుగా నీకు గడ్డపార పట్టలేనంత మందపాటి చేతితొడుగులు పంపేవాళ్లం, ఇంట్లో కూర్చోమని. ఎలుగుబంటి కథ ఎలుగుబంటి గురించే! సముద్రం గురించి రాయడానికి భయమేసి ఎలుగుబంటి గురించి రాశాను. ఆగస్టు నుంచీ ఊరంతా నీ మాట కోసం కూర్చుని ఉంది. నేనేమో ఒక్కసారి కూడా "ఏమన్నావు?" అని అడగలేదు. కొడుకు అమ్మని అడగడమేమిటని.

ఇప్పుడు పేరుపెట్టి చెబుతున్నాను, వింటే విననీ. సముద్రం వస్తోంది. గాలి పడమటికి తిరిగింది. దాన్ని ఆపడానికి మంచు ముక్క లేదు. నేలలో చీలిక నా భుజం దూరేంత అయింది.

మేనమామగా ఆజ్ఞాపిస్తున్నాను. విమానం ఎక్కు. మీ గడ్డపారలు, మీ పెట్టెలు, మీ మనుషులు, ఏవుంటే అవి తీసుకుని రా. దున్నని బయట పడెయ్. ఆవిణ్ణి తీసుకెళ్లు, జుట్టు తియ్యి, ఏం కావాలంటే అది చెయ్యి. నీళ్లలో మాత్రం పోనివ్వకు. చిన్నప్పుడు మంచు పగిలి మా నాన్న పోయాడు. అమ్మ రోజూ ఒడ్డుకెళ్లి నిలబడేది, చూడ్డానికి ఏమీ లేకపోయినా. ఆవిడ కూడా ఆ నీళ్లలోకే పోకూడదు.

ఈ ఉత్తరం తీసుకుని విమానం దిగే చోటికి వెళ్తున్నాను. గాలి బాగా లేదు. వాడు రావాలి.

సువ్లు

*

ఫెయిర్‌బ్యాంక్స్
అక్టోబరు 5

సువ్లూ,

ఇవాళ నీ ఉత్తరాలన్నీ సర్ది పెట్టెలో పెడుతుంటే, ఎముకలు కడిగే పిల్ల పక్కనుంచి చూసింది. "ఈయన ప్రతిసారీ నిన్ను అమ్మా అంటాడు, నువ్వు ఒక్కసారి కూడా పలకవేం?" అంది.

పెట్టినవన్నీ బయటికి తీశాను. మళ్లీ మొదటి నుంచీ చదివాను. "మసాక్‌నే అడగండి" అని అక్పిక్ అన్నదాన్ని నేను పాత కథలా చదివాను. నువ్వు నన్నే అడిగావు, నేను నిన్ను అడిగాను. నేను మేనకోడలిననుకుని నీ మాట కోసం ఆగాను. నువ్వు కొడుకువని నా మాట కోసం ఆగావు. మర్యాద చేసుకుంటూ ఇద్దరం వేసవంతా పోగొట్టాం.

దుకాణానికి ఫోను చేస్తున్నాను, మోగడం లేదు. వాతావరణం వాళ్లు మీ తీరానికి పెద్ద తుఫాను చెబుతున్నారు.

కాబట్టి విను. నేను మసాక్‌ని. నీ అమ్మని. చెబుతున్నాను. నన్ను ఆ దారిలోంచి తియ్యి. పట్నం సంగతి తర్వాత. ముందు నీ మంచుకొట్లో పెట్టు. ఎందుకు ఖాళీ చేశావో ఇప్పుడు తెలిసింది. హర్మన్‌ని పిలు, అందర్నీ పిలు. నా కోసం ఆగకు, కాగితం కోసం ఆగకు. ఇప్పుడే వెళ్లు.

మొదటి విమానానికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. విమానాలు లేవంటున్నారు. అయినా ఇస్తున్నాను.

అమ్మ

*

ఉక్పిక్ కొమ్ము
అక్టోబరు 18

అమ్మకు.

నీ ఉత్తరం నిన్న అందింది. నాది సంచిలో ఇక్కడే ఉండిపోయింది, దీంతో పాటే వస్తుంది. పాతది ముందు చదువు. ఇప్పుడు పనికిరాదు గానీ చదువు.

ఆ రోజు విమానం రాలేదు. చాలాసేపు నిలబడి, తిరిగొస్తూ దిబ్బ దగ్గర ఆగాను. కెరటం కొట్టినప్పుడల్లా కాళ్ల కింద నేల గుటక వేస్తోంది. అక్పిక్ ఇంటికి పరుగెత్తాను, నా వయసులో పరుగంటే ఎలా ఉంటుందో ఊహించుకో. "మసాక్ ఇంకా చెప్పలేదు" అన్నాను.

"నీకు చెవుడు ఒక చెవికే కదా సువ్లూ," అంది. "రెండోది సముద్రం వైపు పెట్టు. అది చెప్పేస్తోందిగా!"

హర్మన్ రేడియోలో పిలిచాడు. "తిమింగలం తాళ్లు తీసుకుని కొమ్ముకి రండి" అన్నాడు, అంతే. ఎందుకని ఒక్కరూ అడగలేదు. గిలకలు, మంచు ఉలులు, పొడుగు పిడి కత్తులు, అన్నీ వచ్చాయి. నడవలేని అక్పిక్‌ని స్లెడ్జి మీద తెచ్చారు.

గడ్డలు ఎత్తేశాం. ఆవిడ నువ్వు కప్పినట్టే ఉంది. పక్షితోలు కోటు చేతిలో బొటనవేలు లోపలికి ముడుచుకుని, చలి కాచుకుంటున్నదానిలా. చుట్టూ గడ్డకట్టిన మట్టిని ఆవిడతో సహా దిమ్మలా కోశాం. తాడు చుట్టి, గిలకలు బిగించి, ఊరంతా వరసలో నిలబడింది. తిమింగలాన్ని లాగేటప్పుడు అనే కేక ఎవరో అందుకున్నారు. అమ్మా, దిమ్మ కదిలింది. దారిలోంచి సగానికి పైగా బయటికొచ్చింది. అక్పిక్ స్లెడ్జి మీద నుంచే "లాగండ్రా, మీ ముత్తవ్వరా!" అని అరుస్తోంది. వచ్చేస్తోందనుకున్నాను. మంచుకొట్టు తలుపు తెరిచే ఉంచాను.

అప్పుడు దాని కింద నేల పోయింది. చప్పుడు కూడా కాలేదు. తాడు ఒక్కసారి బిగిసి గిలకలు పట్టిన గుంజల్ని ఊడబెరికింది. అందరూ పడ్డారు. వెనకవాళ్లు వదిలేశారు. ముందున్న హర్మన్ కూతురికి తాడు మణికట్టుకి చుట్టుకుంది. మోకాళ్ల మీద అంచు వైపు జారిపోతోంది. హర్మన్ దాని కాళ్లు పట్టుకుని తనూ జారుతున్నాడు. ఆ పిల్ల అరవలేదు. నా వైపు చూసింది. కత్తి నా చేతిలో ఉంది.

కోశాను.

నీ మాట కోసం వేసవంతా ఆగినవాణ్ణి. ఆ ఒక్క పనికి ఊపిరి పీల్చేంత సేపు కూడా ఆగలేదు.

నీళ్లు తెల్లగా లేచి మళ్లీ నల్లగా అయ్యాయి. తెల్లారేసరికి దిబ్బ లేదు. కొమ్ము పొట్టిదైంది. ఇల్లూ, చెత్తకుప్పా, కుక్కల ఎముకలూ, నువ్వు చదవాల్సినవన్నీ పోయాయి. హర్మన్ కూతురి చెయ్యి వాచింది, విరగలేదు. హర్మన్ నాకు మాంసం తెచ్చాడు. గుమ్మంలో పెట్టి వెళ్లాడు. అక్పిక్ నాతో మాట్లాడటం లేదు. కోపమో, ఏడుపో తెలియదు. నేనూ అడగలేదు. అడగకపోవడం మనకి బాగా వచ్చు.

దిమ్మకి ముందు చుట్టి, జారుతోందని విప్పేసిన తాడు ముక్క గిలకకి చిక్కుకుని ఉంటే ఇంటికి తెచ్చాను. ముడి దగ్గర పక్షితోలు ముక్క గడ్డకట్టి అంటుకుని ఉంది. కోటు చేతి అంచు అయి ఉంటుంది. కొన్ని ఈకలు, మట్టి, నల్లగా సన్నగా ఏదో. వెంట్రుకలో నారో నేను చూడలేదు. ముట్టలేదు. అంత పెద్ద కొట్లో మంచు మీద అదొక్కటే పెట్టాను.

నిన్న నీ ఉత్తరం చదివాను. "నన్ను ఆ దారిలోంచి తియ్యి" అన్నావు. తీశాను. తీసి వదిలేశాను. రోజూ ఒడ్డుకెళ్లి నిలబడుతున్నాను, చూడ్డానికి ఏమీ లేకపోయినా.

అమ్మా, నన్ను తిట్టు. ఎవరూ తిట్టడం లేదు, అదే భరించలేకపోతున్నాను. నువ్వు తిడితే పడుకుంటాను.

సువ్లు

*

ఫెయిర్‌బ్యాంక్స్
అక్టోబరు 24

ఒరే సువ్లూ,

తిట్టను. ఆ ఇంటి మీదికి మంచు ఎక్కినప్పుడు పిల్లల్ని బయటికి నెట్టి లోపల ఉండిపోయిందెవరు? నేనే కదా. అలాంటిదాన్ని హర్మన్ కూతురి కంటే నా ఎముకలే ఎక్కువనుకుంటానా? అప్పుడు నేను చేసిందే ఇప్పుడు నువ్వు చేశావు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు మరి?

కొట్టు తలుపు తియ్యకు. ఆ నల్లటివి వెంట్రుకలైతే ఒక్కటి తీసుకుంటాను. నాదే కాబట్టి ఎవర్నీ అడగను. ఆ కరువు ఏడాది ఏం తిని పిల్లల్ని బతికించానో నాకూ తెలుసుకోవాలనుంది. మిగతాది గుట్ట మీద, సముద్రానికి దూరంగా పెడదాం. అక్పిక్‌ని నా పక్కన నిలబెట్టు. మాట్లాడుతుంది.

నాకు బెంగగానే ఉంది. ఆ ఇల్లు మళ్లీ రాదు. ఒక్క ఉత్తరం ముందుగా రాసి ఉంటే దక్కేది. అది మనిద్దరం మొయ్యాలి, నువ్వొక్కడివే కాదు.

వచ్చే శుక్రవారం విమానంలో వస్తున్నాను. ఒడ్డున నిలబడటం మాని విమానం దగ్గరికి రా. టోపీ చెవుల మీదికి లాక్కో. రెండు చెవుల మీదికీ, ఆ చచ్చిన చెవి మీదికి కూడా.

అమ్మ